తవుడు సంచుల మీద ఇంగ్లీషు

ముందే చెప్పేస్తున్నానండీ, నాకు గోరంతని కొండంత చేసే జబ్బుంది. చదివేటప్పుడు మీరే సగానికి సగం తగ్గించుకోండి. మొన్న ఏలూరులో మా అమ్మాయి ఫోను తీసుకుని ఇంగ్లీషులో ఉత్తరం రాయబోతే, ఒక పెద్ద మాటకి నేను రెండక్షరాలు కొట్టేలోపే మిగతాది ఆ ఫోనే పూర్తిచేసేసింది. అలాంటి మాట ఒక్కటి దక్కించుకోవడానికి నేను కొల్లేరంతా చుట్టాల్సివచ్చిందని దానికేం తెలుసు!

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ పట్టా పుచ్చుకుని ఖాళీగా ఉన్న నన్ను కొల్లేటికోట మేనమామ తన చేపల చెరువు మీదికి తీసుకుపోయాడు. అంతలో తాడేపల్లిగూడెంలో ఒక చేపల ఎగుమతి ఆఫీసుకి ఇంగ్లీషు ఉత్తరాలు రాసే మనిషి కావాలని తెలిసింది. ఆ ఉద్యోగం వస్తే కుర్చీ, ఫ్యాను, రాకపోతే జన్మంతా చేపలకు తవుడు. బంగాళాఖాతానికి అన్నగారిలా ఉండే ఆ చెరువులో వెదురుకర్రలు పాతి, చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి వాటికి కట్టేవాళ్ళం. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి తినిపోయేవి. ఇంటర్వ్యూ కోసం నేను ఒక్కో సంచి మీద మార్కరుతో ఒక్కో ఇంగ్లీషు మాట రాసుకుని, పడవని పొడుగాటి వెదురు గెడతో నెట్టుకుంటూ పోయి, సంచి దగ్గర ఆగి మాట, అర్థం పైకి అప్పజెప్పి, ఆపైనే తవుడు నింపి కట్టేవాణ్ణి. బాతులు గుంపుగా తిరిగేచోట ‘గ్రిగేరియస్’, గూడబాతు కునుకుతీసే మూలన ‘లెథార్జిక్’.

“ఏరా అల్లుడూ, చేపలు మేత తింటున్నాయా, పాఠం వింటున్నాయా?” అని మావయ్య గట్టు మీంచి కేకేసేవాడు. నిజం చెప్పొద్దూ, మా బొచ్చె చేపలు పక్క చెరువు చేపలకంటే ఠీవిగా ఈదేవి.

ఇంటర్వ్యూకి భీమడోలులో రైలెక్కి గూడెం వెళ్ళాను. బల్లకవతల కూర్చున్న మేడమ్‌గారు ‘టెనేషియస్’ అంటే ఏమిటని అడిగారు. చిక్కేమిటంటే, నా మాటలన్నీ వరుసగా కర్రలకు కట్టి ఉన్నాయి. మొదటి కర్ర దగ్గర బయల్దేరితే తప్ప ఆ మాట దగ్గరికి చేరలేను. కళ్ళు మూసుకుని, రెండు చేతులతో గెడ వేయడం మొదలుపెట్టాను. నెత్తిమీద ఫ్యాను తిరగడం మానేసింది, గూడెం స్టేషన్లో రైళ్ళు నిలబడిపోయాయి.

“ఏం చేస్తున్నారండీ మీరు?”

“వచ్చేస్తున్నానండీ, ఇంకో రెండు కర్రలే!”

చేరాను. “పట్టు వదలనిదండీ! గుర్రపుడెక్క గెడకి చుట్టుకున్నట్టు.”

మేడమ్‌గారు కళ్ళు తుడుచుకునేంతగా నవ్వి, కర్రల సంగతంతా చెప్పించుకుని, సోమవారం నుంచి రమ్మన్నారు. కబురు వినగానే మావయ్య ఎగిరిన గంతుకి చెరువుగట్టు మూరెడు కుంగింది.

ఆ ఉద్యోగంలో ఆ మాటల్లో ఒక్కటీ పనికిరాలేదనుకోండి. ఇప్పుడా చెరువూ లేదు. సరస్సులో వేసిన చెరువుల గట్లన్నీ సర్కారువాళ్ళు తీసేశారు, కొల్లేరు తన నీళ్ళు తాను కలిపేసుకుంది. మాటలు ఈరోజుల్లో అడక్కుండానే వేలి కిందికి వచ్చేస్తున్నాయి గానీ, వాటి వెంట ఏ బాతూ రావడంలేదు, ఏ నీటి వాసనా రావడంలేదు.

ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి కదా. చెరువు కొలతా, చేపల ఠీవీ అలా ఉంచండి. ఇంటర్వ్యూలో గెడ వేసింది అక్షరాలా నిజం. మావయ్య గంతు మాత్రం నేను పుట్టించిందే. ఆయన “మంచిదిరా” అని, తవుడు బస్తా భుజానికెత్తుకుని పడవెక్కాడు. ఆ పూట సంచులన్నీ ఆయనొక్కడే కట్టాడు, మాట రాసిన వైపు గట్టు మీదికి కనబడేలా.