యాదగిరి సార్ ముందు చదివిన నంబరు

మొన్న ఫోన్ బాగు చేయించుకుందామని రెజిమెంటల్ బజార్‌లో ఒక కొట్టు ముందు నిలబడ్డాను. లోపలి మనిషి తీగ అతికే సోల్డరింగ్ మొదలుపెట్టగానే ఘాటైన పొగ ముక్కుకి తగిలింది. అంతే, ఫోన్ సంగతే మరిచిపోయాను. యాదగిరి సార్ గది ఎప్పుడూ అదే వాసన వేసేది. నేను చేసిన వెధవపని కూడా ఆ వాసనతోపాటే గుర్తొస్తుంది, ఏం చేయను!

ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే ఉన్న రోజులవి. నాన్నకి బదిలీ అయి మేం శ్రీకాకుళం నుంచి బోయిన్‌పల్లికి వచ్చాం. డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఆ బజార్‌లోనే, మేడమీద రెండు గదుల్లో యాదగిరి సార్ నడిపే దుకాణంలో. అందరూ కొత్త మెషీన్ల వెంట పడుతుంటే, ఆయన టీవీకి తగిలించి వాడే పాతకాలపు ఇంటి కంప్యూటర్లను బాగుచేసేవారు. వాటిలో ఉన్నదాన్ని కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. ముందు పాతదాంట్లోనే ఫైళ్లన్నిటినీ కుదించి ఒకే మూటగా కట్టాలి. సార్ స్వయంగా చేసిన కేబుల్ మీదుగా దాన్ని లోపలి గదిలోని కొత్త కంప్యూటర్‌కి పంపి, అక్కడ విప్పాలి. విప్పేముందు మూట సైజు ఎన్ని బైట్లుందో రెండు వైపులా సరిపోల్చుకోవాలి. తేడా వచ్చిందంటే దార్లో ఏదో పోయినట్టే, మళ్లీ మొదటినుంచి పంపాలి.

పాతదాని దగ్గర సార్, లోపలి గదిలో కొత్తదాని దగ్గర నేను కూర్చునేవాళ్లం. దీనికి సార్‌దో పద్ధతి ఉండేది. అందుకున్న వైపు వాళ్లే ఆ బైట్ల నంబరు ముందు పైకి చదవాలి. నాకది చాదస్తంగా అనిపించేది. "ఎవరు ముందు చదివితే ఏంటి సార్?" అన్నాను ఒకరోజు.

"నేను ముందు చదివిననుకో, నీ కండ్లు తెర మీదున్నా నీ నోట్లకెళ్లి నా నంబరే వస్తది బిడ్డా," అన్నారు. "నిన్ను అనుమానించి కాదు. నాకు సుత గట్లనే అయితది."

ఒకసారి సైనిక్‌పురి నుంచి ఒక రిటైర్డ్ సుబేదార్ గారు తన కంప్యూటర్ తెచ్చారు. తనతో పనిచేసిన జవాన్ల పేర్లు, అడ్రసులు, ఎవరెక్కడ స్థిరపడ్డారో, ఎవరికి ఏ జబ్బో, అన్నీ ఏళ్ల తరబడి ఒంటివేలితో కొట్టి దాచుకున్నారు. ఆ మూట లోపలి గదికి చేరడానికి గంటన్నర పట్టింది. నాలుగింటికి బేగంపేటలో నాకు ఇంటర్వ్యూ, సార్‌కి చెప్పలేదు. అప్పటికే మూడు దాటింది. భుజాన బ్యాగు తగిలించుకుంటూనే, "మీరే ముందు చదివేయండి సార్," అని అరిచాను. అవతలి గదిలోంచి, తన పద్ధతి పక్కన పెట్టి, ఆయన చదివారు. నా తెర మీద చివరి మూడంకెలు వేరే ఉన్నాయి. మళ్లీ పంపితే ఇంకో గంటన్నర. "అదే సార్, సరిపోయింది," అనేశాను.

కంప్యూటర్‌ని ఆ సాయంత్రమే సుబేదార్ గారు చుట్టాలెవరికో ఇవ్వాలి. అందుకని నా మాట మీద సార్ ఆ పేర్లున్న పాత ఫ్లాపీలన్నీ చెరిపేశారు. నాకు ఆ ఉద్యోగమూ రాలేదు. మర్నాడు సుబేదార్ గారొచ్చాక మూట విప్పబోతే తెరుచుకోలేదు.

సుబేదార్ గారు కుర్చీలో కూలబడ్డారు. "అరే యాదగిరీ, నా దోస్తులంతా ఏడ బోయిన్రు?"

సార్ నా వైపు చూడలేదు. "తప్పు నాది సాబ్. నంబరు నేనే ముందు చదివిన," అన్నారు.

అబద్ధం నాదని నేను చెప్పలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు, ప్రతి ఆదివారం సార్ సైనిక్‌పురి వెళ్లి, ట్రంకుపెట్టెలోని పాత ఉత్తరాలు తీసి ఒక్కో పేరూ మళ్లీ కొట్టారు. ఉత్తరం రాయని వాళ్లు మాత్రం ఇక దొరకలేదు. నేనూ వస్తానంటే, "వద్దు బిడ్డా, ఆదివారం జెర ఇంట్ల ఉండు," అన్నారు.

ఆయనకి తెలుసా? ఫైలు మా కంప్యూటర్‌లోనే ఉంది, ఒక్కసారి చూస్తే బైట్ల తేడా కనపడుతుంది. తీగ అతికితే మూడుసార్లు లాగి చూసే మనిషి అది చూడకుండా ఉంటారా? చూస్తే ఎందుకు తిట్టలేదు? ఒక్క తిట్టు తిట్టినా బతికిపోయేదాన్ని. ఒక్కోసారి ఆయన మీదే కోపమొచ్చేది, సిగ్గులేకుండా.

ఏడాది తర్వాత పెద్ద కంపెనీలో పిలుపొచ్చింది. అనుభవపత్రం కావాలన్నారు. సార్ చేత్తో రాసి కవరులో పెట్టిచ్చారు. ఇక చెప్పేద్దామని, "సార్, ఆ రోజు నంబరు..." అన్నాను.

"బస్సు పోతది, నడువు," అన్నారు ఆయన, తల ఎత్తకుండానే.

మెట్ల మీదే కవరు విప్పాను. 'ఈ అమ్మాయి సరిపోయిందని చెబితే మళ్లీ చూసుకోనక్కర్లేదు' అని రాసుంది. ఆ కాగితంతోనే నాకు ఉద్యోగమొచ్చింది. అది నమ్మి రాశారో, తెలిసే రాశారో, అడగడానికి ఇప్పుడాయన లేరు. ఆఫీసులో నా మాట మీద ఎవరైనా 'సరే' అనేస్తే ఇప్పటికీ నాకు భయమేస్తుంది. "ఆగండి, మీరూ ఒకసారి చూడండి," అంటాను.