లాండ్రీ గదిలో చట్టం చెప్పించిన టీచర్

పక్కింటి టీచర్ పోయారన్న కబురు నాకు లాండ్రీ గదిలో తెలిసింది. బుధవారం పదింటికి మామూలుగానే బట్టల బుట్టతో వెళ్లాను. మా రెడ్‌మండ్ అపార్ట్‌మెంట్ల మేనేజర్ నోటీసు బోర్డుకి కాగితం గుచ్చుతోంది. ఆదివారం ఆస్పత్రిలో పోయారట, శనివారం క్లబ్‌హౌస్‌లో సంస్మరణ సభట. బట్టలు మెషిన్‌లో వేసి, బటన్ నొక్కడం మరిచిపోయి, ఇది తిరగదేమిటా అని చాలాసేపు దాని ముందే కూర్చున్నాను.

"పేరు పెట్టి పిలువు" అని ఆవిడ ఎంత పోరినా, డెబ్భై ఎనిమిదేళ్ల మనిషిని అలా పిలవడానికి నాకు నోరు రాలేదు. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు కాబట్టి టీచర్ అన్నాను. తాతముత్తాతలది ఐస్‌లాండ్. ఆ ఉత్తరాది దేశాల ముచ్చట ఎత్తితే మెషిన్ ఆగినా ఆవిడ ఆగేవారు కాదు.

నేను హన్మకొండ కోర్టులో నాలుగేళ్లు ప్రాక్టీసు చేసిన లాయర్ని. పెళ్లయ్యాక డిపెండెంట్ వీసా మీద అమెరికా వచ్చాను. ఈ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ఉన్న ఒక్క కారూ మా ఆయనతో ఆఫీసుకి పోతుంది. నా నల్లకోటు సూట్‌కేసు అడుగునే ఉండిపోయింది. పగలంతా వాన, కిటికీ, నేను.

పాత ఐస్‌లాండ్‌లో ఒక రకం నేరానికి మూడేళ్ల దేశబహిష్కారం వేసేవారని ఒకరోజు టీచర్ చెప్పారు. ఓడ ఎక్కేదాకా ఆ మనిషికి మూడు ఇళ్లు చూపించేవారట. ఆ ఇళ్లలో, వాటిని కలిపే దారిలో, దారికి బాణం వేటు దూరంలో ఉన్నంతవరకే ప్రాణానికి భద్రత. గీత దాటితే ఎవరు చంపినా అడిగే దిక్కు లేదు.

"నాకూ మూడే, టీచర్. ఇల్లు, ఈ గది, బస్సెక్కితే లైబ్రరీ" అన్నాను.

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "మరి నువ్వు చేసిన నేరమేమిటి?" అని అడిగారు. ఏడుపొచ్చేసింది. వచ్చినప్పటి నుంచీ ఆ మాట నన్నెవరూ అడగలేదు.

ఆవిడే టిష్యూ ఇచ్చి, ఇంకో సంగతి చెప్పారు. నార్వే రాజు పెత్తనం పడక సముద్రం దాటినవాళ్లు ఆ దీవిలో చాలామంది. రాజు లేడు, సైన్యం లేదు. చట్టం కూడా మొదట్లో కాగితం మీద లేదు, ఒక మనిషి నోట్లో ఉండేది. ఏటా ఎండాకాలం జనం కూడినచోట అతను బండ మీద నిలబడి మూడోవంతు చట్టం అప్పజెప్పేవాడు. ఏ మాటైనా మూడేళ్లు వదిలేస్తే, వదిలేశావేమని ఎవరూ అడగకపోతే, అది చట్టంలోంచి పోయినట్టేనట.

"నీ చట్టం నువ్వు చెప్పి ఎన్నాళ్లయింది?"

"వచ్చే నెలకి మూడేళ్లు."

"అయితే టైం లేదు. లే, మొదలుపెట్టు."

అలా మొదలైంది. ప్రతి బుధవారం నేను మెషిన్ పక్కన నిలబడి, కక్షిదారులకి చెప్పినట్టు తెలుగులో, సాక్ష్య చట్టం వరసగా చెప్పేదాన్ని. ఆవిడ ఊలు అల్లుకుంటూ వినేవారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, "ఇక్కడ ఏదో దాటేశావు" అని పట్టేసేవారు. నిజంగానే దాటేసి ఉండేదాన్ని. ఎలా తెలిసిందంటే, "పాఠం చదవకుండా వచ్చిన పిల్లల మొహాలు నలభై ఏళ్లు చూశాను" అనేవారు.

"లాండ్రీకి పోయి రెండు గంటలేం చేస్తున్నవ్?" అన్నాడు మా ఆయన.

"కోర్టుకు పోయిన."

"మంచిగుంది. జడ్జి ఎవరు, డ్రయ్యరా?" అని నవ్వి, "డిపెండెంట్లకు వర్క్ పర్మిట్ ఇస్తరంటున్నరు, జర ఆగు" అన్నాడు. ఆ మాట పోయిన ఏడూ అన్నాడు. మంచివాడే, కానీ ఆ "జర ఆగు" వింటే నాకు ఒళ్లు మండుతుంది.

టీచర్‌తోనూ ఒకసారి చెడింది. మీవాళ్లు ఎంత స్వేచ్ఛగా బతికారో అన్నాను. "ఏం స్వేచ్ఛ! తమలో తాము కొట్టుకుని అలిసిపోయి, మూడొందల ఏళ్లకి ఆ నార్వే రాజుకే లోబడ్డారు. తలుపు గడియ ఎప్పుడూ బయటివాళ్లే పెట్టరమ్మాయ్" అన్నారు. నన్నే అన్నారనిపించి రెండు బుధవారాలు వెళ్లలేదు. మూడో బుధవారం వెళ్తే, ఉతికే బట్టలేమీ లేకుండా ఒట్టి బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ముప్పై ఒకటో సెక్షన్ దాకా చెప్పించుకుని, "వచ్చే వారం ఇక్కణ్ణించి" అన్నారు. అదే ఆఖరు.

శనివారం సభలో ఆవిడ కూతురు, ఇంకెవరైనా మాట్లాడతారా అని అడిగింది. నేను లేచాను. ఇంతమంది ముందు నిలబడి మూడేళ్లు దాటింది. ఇంగ్లీషులో ఒక్క మాట రాలేదు. ఎక్కడ ఆగామో అదే గుర్తొచ్చింది. ముప్పై రెండో సెక్షన్ తెలుగులో మొదలుపెట్టాను. చనిపోయిన మనిషి చెప్పిన మాట సాక్ష్యంగా ఎప్పుడు చెల్లుతుందో చెప్పే సెక్షన్ అది. ప్రార్థన అనుకున్నారేమో, అందరూ తలలు వంచారు.

మధ్యలో ఒక వాక్యం దాటేశాను. నాకే తెలిసింది. ఆగాను. ముందు వరసలో కుర్చీ మీద, ఆవిడ సగం అల్లిన ఊలు సూదులతో సహా పెట్టి ఉంది. దాటేశావని ఎవరైనా అంటారేమోనని చూశాను. వంచిన తల ఒక్కటీ లేవలేదు. దాటేసిన చోటి నుంచి మళ్లీ అందుకుని, ఆ వాక్యం నేనే చెప్పాను.