దరఖాస్తులో అరపేజీ అనుభవం

బిజినెస్ మేనేజ్‌మెంట్ అనే మాటను నేను మొదటిసారి చూసింది చీర చుట్టి ఇచ్చే కాగితం మీద. నల్లగొండలో మా చేనేత సహకార సంఘం దుకాణానికి పాత పేపర్లు కట్టలుగా తెచ్చేవాళ్లం. ఆ రోజు చేతికి వచ్చింది వారం కిందటి ఇంగ్లీషు పేపరు. పట్నంలోని విశ్వవిద్యాలయం వాళ్లు ఆ చదువుకు దరఖాస్తులు కోరుతూ వేసిన ప్రకటన అందులో ఉంది. గడువు ఇంకా ఇరవై రోజులు. కొనడానికి వచ్చినామె చీరను వేరే కాగితంలో చుట్టి ఇచ్చి, ఆ పేపరును మడిచి దాచుకున్నాను.

అవి అరవైల చివరి సంవత్సరాలు. నాకు ఇరవై ఆరేళ్లు. పెళ్లయిన ఏడాదికే భర్త జ్వరంతో పోతే నల్లగొండ పక్కనే పానగల్‌లోని పుట్టింటికి తిరిగి వచ్చాను. బాపు మగ్గం నేసేవాడు. ఆయన సభ్యుడిగా ఉన్న సంఘంలోనే నాకు గుమస్తా పని దొరికింది. పని చేస్తూనే ప్రైవేటుగా పరీక్షలు కట్టి బి.ఏ. పాసయ్యాను. ఆ డిగ్రీతో ఇంకేం చేయవచ్చో చెప్పగలవాళ్లు మా చుట్టుపక్కల ఎవరూ లేరు.

ఆ చదువులో ఏం నేర్పుతారో తెలుసుకోవాలనిపించింది. మా సంఘం సెక్రటరీని అడిగాను.

"దుకాణం నడిపే చదువమ్మా అది. మనం నడుపుతలేమా ఏంది?" అని నవ్వాడాయన.

ఇంటికి పోయి బాపుకు చెప్పాను. ఆయన నవ్వలేదు. మగ్గంలో పోగు నడిపే నాడెను పక్కన పెట్టి అడిగాడు.

"దుకాణం నడుపుడు సుత బడిల జెప్తరా? ఎట్ల జెప్తరు బిడ్డా? బేరమాడుడు గిట్ల బోర్డు మీద రాసి సూపెడ్తరా?"

"నాకు తెల్వదు బాపు."

"పోయి సూడు మరి," అన్నాడు.

పోస్టులో వచ్చిన దరఖాస్తులో రెండు చోట్ల ఆగిపోయాను. ఒకటి, చదువు రెండు రకాలట. పగటి తరగతులు రెండేళ్లు. సాయంత్రం తరగతులు మూడేళ్లు, అవి ఉద్యోగం చేసేవాళ్లకు, కనీసం ఐదేళ్ల అనుభవం ఉండాలి. ఏదో ఒక దాని పక్కన గుర్తు పెట్టాలి. రెండోది, మీరు చేసిన పనినీ మోసిన బాధ్యతనూ వివరించండి అంటూ అరపేజీ ఖాళీ వదిలారు. నేను 'గుమస్తా, ఆరేళ్లు' అని ఇంగ్లీషులో ఒక్క వరుస రాశాను. ఇంకేం రాయాలో తోచలేదు.

బాపుకు ఇంగ్లీషు రాదు కానీ ఖాళీ కనిపించింది.

"ఇంత జాగా ఇడిశిపెట్టినవేంది?"

"రాయనీకి ఏం లేదు బాపు."

"ఆరేండ్ల సంది పొద్దంత ఏం జేసినవ్ మరి?"

ఆయన దెప్పిపొడవడానికి అనలేదు, నిజంగానే అడిగాడు. ఆ వారమంతా దుకాణంలో నేను ఏ పని చేస్తే ఆ పనిని చీటీల మీద రాసిపెట్టుకున్నాను. నూలు తూచి ఇచ్చాను. నేతగాడు తెచ్చిన చీరలో తెగిన పోగు చూపించాను. ఎర్ర అంచు చీర అడిగినామెకు అది లేదని చెప్పి మెరూన్ చూపించాను, కొన్నది. ఎర్ర అంచువి ఇంకో పది నేయమని ఒక ఇంటికి కబురు పంపాను. ఈ చివరి పని నాకు ఎవరూ అప్పజెప్పలేదు. అయినా చాలాకాలంగా నేనే చేస్తున్నాను. ఏ ఇంట్లో ఏ చీర నేయాలో సగానికి సగం నేనే నిర్ణయిస్తున్నానని ఆ చీటీలు చూసేదాకా నాకే తెలియదు.

అప్పుడు మక్తల్ సంగతి గుర్తుకొచ్చింది.

మూడేళ్ల కిందట మక్తల్ అంగడికి చీరలు తీసుకుపోయాం. ఎండకు గొర్లను నీడన కట్టేసి, చేతికర్ర భుజాన వేసుకుని ఒకామె వచ్చింది. ముదురు నీలం చీరను విప్పి చూసి మళ్లీ పెట్టేసింది.

"రంగు నచ్చలేదా అక్కా?" అని అడిగాను.

"రంగుకేమాయె, మంచిగనే ఉన్నది. గాని గింత పన్నా ఏం జేసుకోను చెల్లె? సగం బొడ్లె దోపుకునుడే అయితది. జీవాల ఎంబడి ముండ్లల్ల తిరిగెటోళ్లం మేము."

ఆ తర్వాత వచ్చిన నలుగురైదుగురిని కూడా అదే అడిగాను. అందరూ అదే చెప్పారు. తిరిగి వచ్చాక సెక్రటరీని ఒప్పించాను. బాపు పడుగులో పోగులు తగ్గించి, పన్నా, అంటే వెడల్పు, నాలుగు వేళ్లు తక్కువగా, బట్ట మాత్రం దిట్టంగా నేసి చూపించాడు. ఆయనను చూసి మరో పది ఇళ్లవాళ్లు నేశారు. తర్వాతి అంగడిలో మధ్యాహ్నానికే చీరలన్నీ అయిపోయాయి.

ఇది రాయవచ్చా? మాట ఆ గొర్లామెది. నేత బాపుది. మధ్యలో నాది ఏముంది? సెక్రటరీని అడిగితే ఆయనకు ఏ సందేహమూ లేదు.

"గదంత నేనే జేసిన అని రాయమ్మా. దరఖాస్తుల గట్లనే రాస్తరు. గా నందికొండ ముచ్చట మాత్రం రాయకు."

నందికొండ ముచ్చట ఇది. మక్తల్‌లో అంత బాగా అమ్మేసరికి నాకు ధైర్యం వచ్చింది. నందికొండలో డ్యాం పని జోరుగా సాగుతోంది, వేలమంది ఆడవాళ్లు మట్టి గంపలు మోస్తున్నారు, కష్టం చేసేవాళ్లకు ఈ పొట్టి పన్నా చీరే సరిపోతుందని చెప్పి అవే ఇంకా ఎక్కువ నేయించాను. మూడు రోజులు అక్కడ దుకాణం పెట్టాం. వచ్చినవాళ్లు పట్టుకుని చూసేవాళ్లు, పోయేవాళ్లు. కట్టలు కట్టలుగానే వెనక్కి వచ్చాయి. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

మక్తల్ గురించి ఎవరు ఏం చెప్పారో, ఎవరు ఏం చేశారో అన్నీ రాశాను. అయినా అరపేజీలో మూడో వంతు మిగిలిపోయింది. నాది గొప్ప నిజాయితీ అని చెప్పుకోను, ఆ ఖాళీ చూడలేకే నందికొండ గురించి కూడా రాశాను. ఏది కావాలో తేల్చుకోలేక రెండు రకాల తరగతుల పక్కనా పెన్సిలుతో గుర్తు పెట్టి పంపాను.

నెల తిరగకముందే ఇంటర్వ్యూకు పిలిచారు. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. కళ్లద్దాల ఆయన నా కాగితం తిరగేసి, ఇది అమ్మకం పని కదా, ఇందులో మేనేజ్‌మెంట్ ఏముందని ఇంగ్లీషులో అడిగాడు. ఆ తేడా నాకు తెలియదని వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. అందరిలో పెద్దాయన తెలుగులోకి దిగాడు.

"మక్తల్‌లో ఆమెను అడిగారు. బాగుంది. నందికొండలో ఎవరిని అడిగారు?"

మూడు రోజులు అక్కడ కూర్చున్నాను. వందల మంది ఆడవాళ్లను చూశాను.

"ఎవరినీ అడగలేదండి."

"ఎందుకని?"

"తెలుసనుకున్నాను."

ఆయన తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఇక పని చెడిపోయిందనుకున్నాను. కానీ బయటికి పంపేముందు ఆయనే అన్నాడు: "మీకున్న అనుభవానికి సాయంత్రం తరగతులు సరిపోతాయి. పగటి తరగతుల్లోనూ తీసుకోవచ్చు. రెండు రకాల తరగతుల్లోనూ ఇవాళ కూర్చుని చూడండి. పదిహేను రోజుల్లో తేల్చుకుని ఉత్తరం రాయండి."

పగలు చివరి బెంచీలో కూర్చున్నాను. అందరూ ఇరవై, ఇరవై ఒక్కేళ్లవాళ్లు, ఒక్కరు కూడా ఎక్కడా పని చేసినట్టు లేరు. సబ్బుల ఫ్యాక్టరీ గురించి పాఠం. సబ్బు ముఖం తప్ప ఫ్యాక్టరీ ముఖం చూడనివాళ్లు దాన్ని ఎట్లా నడపాలో గట్టిగా వాదించుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది. కానీ వాళ్ల ప్రశ్నలకు మాత్రం అంతూ పొంతూ లేదు.

సాయంత్రం తరగతిలో నా వయసువాళ్లూ, నాకంటే పెద్దవాళ్లూ ఉన్నారు. బ్యాంకులో పనిచేసేవాళ్లు, రైల్వే పార్సిల్ ఆఫీసు ఆయన, కరెంటు ఆఫీసు ఆయన. వాళ్లు మాట్లాడుతుంటే సొంత ఊళ్లోకి వచ్చినట్టు అనిపించింది. గంటసేపు హాయిగా విన్నాను. ఆ తర్వాత ఒకటి గమనించాను. మాస్టారు ఏ కొత్త సంగతి చెప్పినా ఎవరో ఒకరు "మా ఆఫీసులో అట్లా కుదరదు సార్" అనేవారు. దాంతో ఆ సంగతి అక్కడికి ఆగిపోయేది.

మనసు ఎటూ తేలలేదు. ఆ వచ్చే ఆదివారం బస్సెక్కి నందికొండకు పోయాను. ఈసారి చీరలేమీ తీసుకుపోలేదు. కూలీల గుడిసెల దగ్గర తల దువ్వుకుంటున్న ఒకామె పక్కన కూర్చుని, ఫలానా పొట్టి పన్నా చీరలు మీరెందుకు కొనలేదని అడిగాను. ఆమెకు అవి గుర్తున్నాయి.

"పనికి కొత్త చీర ఎవలు కట్టుకుంటరమ్మా? పాతదే కట్టుకుంటం, చినిగేదాక. కొత్తది కొంటె ఊరికి పోయిన్నాడు కట్టుకోనీకి కొంటం. నలుగురు జూడాలె, నిండుగ ఉండాలె. మీరు తెచ్చినయి జూస్తె మల్ల మట్టి గంపనే యాదికొచ్చింది."

అంతే. అంత చిన్న సంగతి. మూడు రోజుల్లో ఏ గంటలోనైనా అడగగలిగిన ప్రశ్న. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నా ఆరేళ్లను మళ్లీ తూచి చూసుకున్నాను. ఆరేళ్ల అనుభవం అనుకున్నదాంట్లో చాలా భాగం ఒకే ఏడాదిని ఆరుసార్లు చేయడం. నిజంగా నేర్చుకున్నది మక్తల్‌లో ఒక పూట. అక్కడ నేర్చుకున్నదే నందికొండలో నా నోరు మూయించింది.

సెక్రటరీ మంచి మనిషి. సాయంత్రం తరగతుల్లో చేరితే పట్నంలో ఉన్న సంఘం దుకాణానికి బదిలీ చేయిస్తానన్నాడు. జీతం ఆగదు, కొలువు పోదు. బాపుకు కూడా అదే సరి అనిపించింది.

"కొత్త పడుగు పెట్టినప్పుడు పాత పోగులకే అతుకుతం బిడ్డా. మొత్తం తెంపుకొని మొదటి సంది ఎక్కియ్యం. నీకు ఆరేండ్ల పని చేతిల ఉన్నది. దాన్నెందుకు ఇడుస్తవ్?"

ఆయన మాటలో తప్పేమీ లేదు. అయినా చెప్పాను: "బాపు, సాయంత్రపు కిలాసుల కూసుంటె నేను సుత గట్లనే అంట. మా సంఘంల కుదరది అంట. నాకు తెలుసు గదా నా సంగతి."

బాపు మళ్లీ మగ్గం ముందు కూర్చున్నాడు. "నందికొండ పోయొచ్చినంక గిట్ల మాట్లాడుతున్నవ్," అన్నాడు. కాసేపయ్యాక, "సరే, నీకు ఏది తోస్తె అది," అన్నాడు. ఆయనకు ఇష్టం లేదని తెలుసు. పగటి తరగతులనే రాసి పంపాను.

హాస్టల్లో ఉండి చదువుకున్నాను. తరగతిలో అందరూ నన్ను అక్కా అనేవాళ్లు. మొదటి ఆరు నెలలూ ఇంగ్లీషు పుస్తకాలతో నానా అవస్థ పడ్డాను. చాలాసార్లు తప్పు చేశానా అనిపించింది. ఒకరోజు నా వంతు వచ్చి మక్తల్ కథ చెబితే, ముందు వరుసలోని ఒక కుర్రాడు లేచి, "అసలు చీరకు అంతే పన్నా ఉండాలని మొదట ఎవరు పెట్టారక్కా?" అన్నాడు. తరగతంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మగ్గం పక్కనే పుట్టి పెరిగాను, ఆ ప్రశ్న నాకెన్నడూ రాలేదు. బాపుకు కార్డు రాశాను. మా పక్కింటాయనతో రాయించిన జవాబు వారానికి వచ్చింది. పూర్వం నాడెను ఈ చేత్తో విసిరి ఆ చేత్తో పట్టేవారట, నేసేటాయన చేతులు ఎంతదూరం చాపగలిగితే బట్ట పన్నా అంత అట. కింద ఇంకో వరుస ఉంది: 'గిట్లాంటియి అడిగెటోళ్లు ఉంటె మంచి బడే బిడ్డా.'

చదువు అయ్యాక నల్లగొండ సంఘంలో నా జాగా ఖాళీ లేదు. సాయంత్రం తరగతులకు వెళ్లి ఉంటే ఉండేదేమో. ఆ రైల్వే పార్సిల్ ఆయన పెద్ద అధికారి అయ్యాడని తర్వాత విన్నాను. నాకు ఎనిమిది నెలలు ఏ పనీ దొరకలేదు. చివరికి మహబూబ్‌నగర్ వైపు గొంగళ్లు నేసేవాళ్ల సంఘానికి మేనేజర్ కావాలంటే వెళ్లాను. పత్తి నూలు తప్ప ఉన్ని సంగతి నాకు బొత్తిగా తెలియదు. మొదటి రోజు గోడౌన్‌లో నల్ల గొంగళ్లు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాటి ముందు ఒక ముసలాయన ఉన్ని వడుకుతూ కూర్చున్నాడు. నేను చెప్పులు విడిచి ఆయన ఎదురుగా కూర్చుని, ఇవి ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు, కొననివాళ్లు ఎందుకు కొనరని అడిగాను.

ఆయన కదురు ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇన్ని ఒక్కపారే అడిగితె ఎట్ల చెప్పాలె బిడ్డా? జర నిమ్మలంగ కూసో. ముందుగాల వానకాలం సంగతి జెప్త."