ముందు చక్రం దగ్గర మోకాళ్ళు

గ్రీజు వాసన తగిలితే నాకు సాలూరులో నాన్న లారీ గుర్తొస్తుంది. ఘాట్ రోడ్డుకు బయలుదేరే ముందు ఆయన ముందు చక్రం పక్కన మోకాళ్ళూని కళ్ళు మూసుకునేవాడు. నట్లు వదులయ్యాయేమోనని చెవితో పరీక్షిస్తున్నాడనుకున్నాను. ఒకరోజు నేనూ అవతలి చక్రం దగ్గర మోకాళ్ళూని, ఒక్కో నట్టూ తట్టి విన్నాను.

"నాన్నా, ఇటేపన్నీ గట్టిగున్నాయి!"

అమ్మ నవ్వింది. "ఒరే, మీ నాన్న సేసేది ప్రార్థనరా. మోకరించడం అంటారు."

"అంటే ఏటమ్మా?"

"మోకాలు నేలకి ఆనించడం. మాటలోనే మోకాలున్నాది, సూడు."

నాన్న నవ్వలేదు. "నవ్వకే. ఇకమీదట ఆ పక్క ఆడే సూస్తాడు."

నిఘంటువు కూడా అమ్మ చెప్పిన అర్థమే ఇస్తుంది. ఘాట్ దిగి నాన్న క్షేమంగా ఇంటికి రావాలన్న సంగతి అందులో లేదు.