కాలువ అవతల రెండెకరాలు

మా చేలో మందు కొట్టడానికి వచ్చిన డ్రోన్‌ను పోలీసులు పట్టుకెళ్లారు. తప్పు నాది. ఈ రెండో వాక్యాన్ని స్టేషన్లో కాగితం మీద పెట్టడానికి నాకు దాదాపు గంట పట్టింది.

డ్రోన్ నడిపే ఆవిడది కంకిపాడు దగ్గర ఊరు. ముప్పై ఏళ్లుంటాయి. మహిళా సంఘం తరఫున శిక్షణకు వెళ్లి, పరీక్ష పాసై, పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. డ్రోన్ సంఘానిది. నాలుగైదు ఊళ్ల రైతులు ఆవిడ కోసం వరసలో ఉంటారు. ఆ ఏడాది వరికి సుడిదోమ ముందే దిగింది. వారం ఆలస్యమైతే చేను తగలబెట్టినట్టు ఎండిపోతుంది.

ఆవిడ క్రైస్తవురాలు. డ్రోన్ లేపే ముందు దాని మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంది. ఆమెన్ అన్నాక ఫోన్ తీసి, ఆ చేను మీద ఎగరడానికి వీలుందో లేదో ప్రభుత్వం వారి మ్యాప్‌లో చూస్తుంది. తర్వాత రెక్కలు, గాలి. ప్రతి చేను దగ్గరా ఇదే వరస.

నేను హేతువాదిని. కాలేజీ రోజుల నుంచి వేదికలెక్కి దేవుడు లేడని వాదిస్తున్నాను. కొబ్బరికాయ కొట్టి బోరు వేయించబోతున్న బంధువొకాయన్ని అరగంట నిలబెట్టి ప్రశ్నలడిగాను. ఆయన నాతో మాట్లాడడం మానేశాడు. బోరులో నీళ్లు పడ్డాయి.

మాకు కాలువకు ఈవల మూడెకరాలు, అవతల రెండెకరాలు. విమానాశ్రయం అవతలి వైపు ఉంది. ఆ ఉదయం ఈవలి మూడెకరాలూ అయిపోయాయి. ప్రార్థనను నేను ఓర్చుకున్నాను. ఎలాగూ వచ్చింది కదా, అవతలి చేనుకు కూడా కొట్టెయ్యమన్నాను.

"అది అనుకోలేదు కదండీ. సరే పదండి, చూద్దాం," అంది.

వంతెన దాటి గట్టు మీద డ్రోన్ దించాం. ఆవిడ దాని మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది.

"ఒక్క మాట అడగనా అమ్మా?"

"అయ్యాక అడగండి మాస్టారూ."

"ఇది బ్యాటరీతో ఎగురుతుందా, ప్రభువుతో ఎగురుతుందా?"

"బ్యాటరీ పెట్టాకే కదండీ ప్రార్థన చేసేది."

"చెయ్యకపోతే ఎగరదా?"

"ఎగురుద్దండీ."

"మరెందుకు?"

"మీరు కాసేపు మాట్లాడకుండా ఉంటే నిమిషంలో అయిపోద్దండీ."

నేను మాట్లాడకుండా ఉండలేదు. పది నిమిషాలు మాట్లాడాను. ఈ యంత్రాన్ని తయారు చేసినవాళ్లెవరూ దాని మీద చెయ్యి వేసి కళ్లు మూసుకోలేదన్నాను. ఆ మాటకు నా దగ్గర ఆధారమేమీ లేదు. ఎండ ఎక్కుతోంది. పక్క ఊరి రైతు ఆవిడకు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

"సరేనండీ, మీరే గెలిచారు," అని రిమోట్ అందుకుంది.

ఆమెన్ రాలేదు. కాబట్టి మ్యాపూ రాలేదు.

డ్రోన్ లేచిన పావుగంటకు పోలీసు జీపు వచ్చింది. కాలువ అవతల మ్యాప్ అంతా ఎరుపట, అంటే ఎగరకూడదని. విమానాలు దిగే దారి అది. దిగబోతున్న ఒక విమానం పైలట్ కింద ఏదో ఎగురుతోందని చెప్పి, మళ్లీ పైకి లేచి ఇంకో చుట్టు తిరిగి దిగాడట. డ్రోన్‌ను మందు ట్యాంకుతో సహా జీపులో పెట్టారు. మేమిద్దరం ఆటోలో వెనక వెళ్లాం. దారిలో నేను మాట్లాడలేదు. ఆ రోజు నేను చేసిన మొదటి మంచిపని అది.

ఎస్సై కుర్రవాడు, మర్యాదస్తుడు.

"సర్టిఫికెట్ ఉన్నోళ్లే ఇట్టా చేస్తే ఎట్టా అమ్మా? మ్యాప్ చూళ్ళేదా?"

"చూళ్ళేదండీ."

"ఏం?"

ఆవిడ నా వైపు చూడలేదు. "మర్చిపోయానండీ."

"మర్చిపోయానంటే సర్టిఫికెట్ రద్దు చెయ్యమని రాయాల్సొస్తది. ఆలోచించుకుని చెప్పు."

"ఆవిడ మర్చిపోలేదు, నేను ఆపాను," అన్నాను.

"మ్యాప్ చూడొద్దన్నారా?"

"ప్రార్థన చెయ్యొద్దన్నాను."

ఎస్సై పెన్ను కింద పెట్టాడు. "మెల్లగా చెప్పండి పెద్దాయనా."

చెప్పాను. కాగితం ఇచ్చి రాయమన్నాడు. "పైలట్ తనిఖీలో ఉండగా నేను సంభాషణలోకి దించాను" అని రాశాను. చదివి, "తనిఖీ ఏంటండీ? ప్రార్థన అన్నారుగా, అదే రాయండి," అన్నాడు. రెండోసారి ప్రార్థన అనే రాసి, దాని కింద సగం పేజీ వివరణ చేర్చాను. ప్రార్థనకు ప్రమాదాలను ఆపే శక్తి లేదని, ఇక్కడ తెగింది పనుల వరస మాత్రమేనని.

"ఇదంతా దేనికండీ?"

"అపార్థం రాకుండా."

"పైవాళ్లు ఇది చదివితే ఆమె సంగతి పక్కనపెట్టి మీ సంగతి చూస్తారు. కొట్టెయ్యండి."

బల్ల పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ అందుకున్నాడు. "అయితే ప్రార్థన చేసుంటే పట్టుబడేవోళ్లు కాదన్నమాట."

"అలా కాదు," అన్నాను.

"మరెలాగండీ?"

వివరించడానికి లేవబోయాను. ఆవిడ కుర్చీలోంచే అంది. "మాస్టారూ, నాకు రేపు మూడు చేలున్నాయి."

కూర్చుని సగం పేజీ కొట్టేశాను. మిగిలినవి మూడు వాక్యాలు. ఆమె ప్రార్థన చేసుకుంటుండగా నేను అడ్డుపడ్డాను. ప్రార్థన కాగానే మ్యాప్ చూడడం ఆమె అలవాటు. నా మూలంగా ఆ అలవాటు తప్పింది. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. సంతకం పెట్టాను.

సర్టిఫికెట్ నిలిచింది. హెచ్చరికతో వదిలారు. డ్రోన్ మాత్రం పదకొండు రోజులు స్టేషన్ వరండాలో ఉంది. దోమ అన్నాళ్లు ఆగలేదు. ఆవిడ వరసలో ఉన్న రైతుల్లో సగంమంది వేరే డ్రోన్‌ను పిలిపించుకున్నారు. ఆవిడకు డ్రోన్ నడపడం రాదని, పోలీసులు పట్టుకున్నారని ఊళ్లలో చెప్పుకుంటున్నారు. జరిగింది నేనే వచ్చి చెప్తానన్నాను. ఆవిడ వద్దనలేదు.

మొదట ఇద్దరం వెళ్లింది ఆ ఉదయం ఫోన్ మీద ఫోన్ చేసిన రైతు దగ్గరికి. ఆయన గడ్డివాము పక్కన నిలబడి అంతా విన్నాడు. ప్రార్థన, వాదన, కాగితం, ఏదీ దాచలేదు. పనిలో పనిగా, కొట్టేసిన సగం పేజీ కూడా నోటితో చెప్పాను.

ఆయన ఆవిడ వైపు తిరిగాడు.

"ఈయన లేకుండా వస్తానంటే ఎల్లుండి పొద్దున్నే రామ్మా," అన్నాడు.