సమ్మతి పత్రం మీద రెండో సంతకం

ఈ ఉదయం పక్క వాటాలో గచ్చు మార్పించడానికి ఫర్షీ రాయి కోసే మిషను మొదలైంది. ఆ కీచుమనే చప్పుడు వినగానే పేపరు చదవబుద్ధి కాలేదు, ఆరంగ్ దారిలో మా నాన్నగారు కొన్న రెండెకరాలు కళ్ల ముందుకొచ్చాయి.

నాలాగా రాయపూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి, అక్కడే ఉద్యోగం చేసి జుట్టు నెరిసిన వాళ్లకు ఒక జబ్బు ఉంటుంది, మీకూ ఉండే ఉంటుంది. గడువు తీరితే దేన్నయినా ఉన్నది ఉన్నట్టు అప్పగిస్తారని నమ్ముతాం. క్వార్టరు వదిలేటప్పుడు కిటికీ రెక్కలతో సహా చూపించి తాళం ఇచ్చేవాళ్లం కదా! ఆ ధీమాతోనే, మా రాయపూర్ రాజధానిగా రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో, రాళ్ల గని కాంట్రాక్టరుకు మా చేను తవ్వుకోవడానికి పదేళ్ల సమ్మతి రాసిచ్చాను. మా ఆవిడకు ఇష్టం లేదు. పుట్టింట్లోనూ క్వార్టరే, అత్తింట్లోనూ క్వార్టరే, చివరి రోజులైనా సొంత నేల మీద గడపాలని ఆమె ఆశ. నేను రిటైరయ్యేసరికి చేను చేతికొస్తుంది, అప్పుడు ఇల్లు కడదామని నేనే నచ్చజెప్పాను.

గడువు దగ్గర పడ్డాక రెన్యువల్ కాగితాల మీద సంతకానికి కబురొచ్చింది. ఇక ఇచ్చేది లేదని చెప్పడానికి ఇద్దరం బస్సెక్కి వెళ్లాం. ఆ పదేళ్లలో రోడ్డు పక్క కాంట్రాక్టరు రేకుల షెడ్డులో టీ తాగి రావడమే తప్ప నేను లోపలికి వెళ్లి చూసిన పాపాన పోలేదు. చేనుండాల్సిన చోట రెండు తాటిచెట్ల లోతు గుంత, అడుగున పచ్చటి నీళ్లు.

"మరి మన బూమేదండీ?" అంది మా ఆవిడ.

కాంట్రాక్టరు చెడ్డవాడేం కాదు, కుర్చీలు వేయించాడు. "దస్తఖత్ నహీఁ కరోగే తో ఇస్ గడ్ఢే కా క్యా కరోగే, బాబూజీ?" అని మర్యాదగానే అడిగాడు. నిజమే, సంతకం చెయ్యకుండా ఆ గుంతను ఏం చేసుకుంటాను? చుట్టూ ఉన్న చేలన్నీ అతని లీజులోనే ఉన్నాయి, మా దాంట్లోకి దారి కూడా అతని గనిలోంచే. పూడ్చే తాహతు లేదు, కొనేవాడు లేడు; రేపు అందులో గొడ్డు పడినా గోదా పడినా యజమానిగా కాగితంలో ఉండేది నా పేరే. మా ఆవిడ ముఖం చూడలేక తల వంచుకుని సంతకం చేశాను. 

మేమిప్పుడు మూడో అంతస్తులో అద్దెకుంటున్నాం. వెనక గడువు అంటే ఎదురుచూసే రోజుగా ఉండేది, ఇప్పుడు అది సంతకానికి కబురొచ్చే రోజు. మూడోసారి కాగితాలు తయారయ్యాయట, ఎల్లుండి రమ్మన్నారు. మా ఆవిడ తను రానంది. గుంత ఇంకెంత లోతైందో వచ్చి తనకు చెప్పవద్దంది.