ముందు బ్రేకు

ఈ ఉదయం చెత్తసంచి పట్టుకొని గేటు బయటికి వచ్చేసరికి వీధిలో నూనె కలిసిన పెట్రోలు పొగ వాసన తగిలింది. ఎవరో మోటారు బిగించిన సైకిలు మీద అప్పుడే మలుపు తిరిగినట్టున్నారు. మనిషి కనబడలేదు, చప్పుడు మాత్రం కాసేపు వినబడింది. ఆ చప్పుడులో చిన్న తడబాటు ఉంది. ఇంజనుకు గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదని తెలిసిపోయింది. వంటపని చేసుకొనే నాకు ఆ సంగతి తెలియడానికి కారణం గౌసన్న.

కువైట్‌లోని రుమైథియాలో నేను మొదట పనిచేసిన ఇంటికి ఆయన డ్రైవరు. మాది రాయచోటి దగ్గర పల్లె, ఆయనది రాయచోటే. ఇక్కడికి రాకముందు అక్కడ మోపెడ్లు బాగుచేసే కొట్టు నడిపేవాడు. కోపిష్ఠి. తన పనిముట్లు ఎవరైనా ముట్టుకొంటే రోజంతా మాట్లాడేవాడు కాదు. ఆ ఇంటి పెద్దకొడుకు ఫహద్ కాలేజీలో చదివేవాడు. ఒక చలికాలం అతను సైకిలుకు బిగించుకొనే చిన్న ఇంజను తెప్పించాడు. బిగించే పని గౌసన్న మీద పడింది. కార్ల షెడ్డు కింద ఆయన పని చేస్తుంటే, వంటిల్లు సర్దుకొన్నాక నేను వెళ్ళి సైకిలు కదలకుండా పట్టుకొనేదాన్ని. వేరే మనిషి లేక నన్ను పిలిచాడు గాని, పట్టుకొన్నంతసేపూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. కాసేపు నడిపి, ఇంజను ఆపి, ప్లగ్గు విప్పి చూపించేవాడు. తెల్లగా ఉంటే ఇంజనుకు పెట్రోలు అందడం లేదని, నల్లగా మసిపట్టి ఉంటే ఎక్కువ తాగుతోందని. "కాఫీపొడి రంగు రావల్ల రమణమ్మా. అంతదాకా ఇడిచిపెట్టగూడదు," అనేవాడు. కార్బురేటరులో పెట్రోలును కొలిచి వదిలే సూదిని ఒక గాటు పైకి జరిపి, మళ్ళీ కిందికి దించి, మళ్ళీ నడిపి చూసేవాడు. ఆ రంగు వచ్చిన సాయంత్రం ఆయన నవ్వడం మొదటిసారి చూశాను.

నేను అప్పటికి కొత్త. ఇంటి యజమానురాలిని పనివాళ్ళం మామా అని పిలుస్తాం. మామా ఏం చెప్పినా తల ఊపేదాన్ని. అర్థం కాకపోయినా ఊపేదాన్ని.

ఎండలు మొదలయ్యేసరికి ఫహద్‌కు ఆ వేగం చాలలేదు. వెనక పళ్ళచక్రం తీసి చిన్నది వేయమన్నాడు. అలా వేస్తే అదే ఇంజనుతో సైకిలు ఇంకా వేగంగా పోతుంది. గౌసన్న వేస్తానన్నాడు గాని, ముందు చక్రానికి బ్రేకు పెట్టిన తరువాతే అన్నాడు. సైకిలుకు ఉన్నది వెనక బ్రేకొక్కటే. స్నేహితులతో పందెం దగ్గర పడిందని, అంతవరకు ఆగనని ఫహద్ తల్లి దగ్గరికి వెళ్ళాడు. మామా షెడ్డులోకి వచ్చి, చెప్పిన పని చెయ్యని డ్రైవరు తనకు అక్కర్లేదని, ఇష్టం లేకపోతే ఊరికి పోవచ్చని అంది. ఆ మాట బరువు మా ఇద్దరికీ తెలుసు. మేం ఇక్కడ ఉండడానికి కావలసిన ఇఖామా అనే అనుమతి ఇంటివాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఊళ్ళో గౌసన్న కూతురి నర్సింగు చదువు సగంలో ఉంది.

ఆయన గేటు ముందు రోడ్డు మీద సుద్దముక్కతో గీత గీసి, మామాను ఆ పక్కగా నిలబడమన్నాడు. సైకిలు వీధి చివరికి తీసుకెళ్ళి, అప్పుడు దానికున్న వేగంతోనే వచ్చాడు. గీత దగ్గర బ్రేకు నొక్కాడు. వెనక చక్రం కీచుమంటూ జారింది. మా గేటు దాటి, పక్కిల్లు దాటి, ఆ పై ఇంటి ముందున్న కారు పక్కన నిలిచాడు. దిగి, అక్కడినుంచే తనకు వచ్చిన అరబ్బీలో అన్నాడు.

"మామా, ఇక్కడిదాకా నడిచి రండి."

ఫహద్ నవ్వాడు. మామా నవ్వలేదు. పొడవాటి నల్ల అబాయా అంచు పట్టుకొని ఆ ఎండలో గీత నుంచి సైకిలు దాకా నడిచింది. మధ్యలో ఒకసారి ఆగి వెనక్కి చూసింది. గేటు దగ్గర ఆమె చిన్నకూతురు బంతి పట్టుకొని నిలబడి ఉంది. నీకు ఏం కావాలని మామా గౌసన్నను అడిగింది.

"ముందు బ్రేకు," అన్నాడు.

బ్రేకు వచ్చింది. ఆ తరువాతే పళ్ళచక్రం మారింది. కాని ఫహద్ మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు. ఇఖామా గడువు వచ్చినప్పుడు ఇంటాయన ఖలాస్ అనేశాడు, మాట వినని మనిషి వద్దన్నాడు. మామా చేయగలిగింది గౌసన్న వేరే ఇంటికి మారడానికి భర్తను ఒప్పించడమే. గౌసన్న అర్దియాలో ఒకరింట్లో చేరాడు. వెళ్ళేరోజు నేను ఏడిస్తే విసుక్కొన్నాడు.

కొన్నాళ్ళకు ఒక కారు ఉన్నట్టుండి వెనక్కి రావడంతో ఫహద్ సైకిలు ఆపవలసి వచ్చింది. కారుకు జానెడు ఎడంలో ఆగిందని పక్కింటి డ్రైవరు చెప్పాడు. ఫహద్ సైకిలు షెడ్డులో పెట్టి చాలాసేపు దాని పక్కనే కూర్చున్నాడు. గౌసన్నకు ఫోను చేసి చెప్పాను. సంతోషిస్తాడనుకొన్నాను.

"అంత గట్టిగా నొక్కింటే తీగ సాగింటాది. బిగిచ్చుకోమని చెప్పు," అన్నాడు.

చెప్పాను. ఫహద్‌కు బిగించడం రాదు. పానా తీసుకొని నేనే బిగించాను.

ఇప్పుడు నేనున్న ఇంట్లో మామా పోయిన నెల పై అంతస్తు కిటికీలను బయటి గట్టు మీద నిలబడి తుడవమంది. తల ఊపలేదు. ఆమెను కిటికీ దగ్గరికి పిలిచి, ఆ గట్టు మీద చెయ్యి ఆనించి బరువు మోపి చూడమన్నాను. చూసింది. సిమెంటు పెళ్ళ ఒకటి ఊడి కింద పడింది. ఆమె చెయ్యి దులుపుకొని వెళ్ళిపోయింది. తరువాతి వారం నడుముకు తాళ్ళు కట్టుకొని అద్దాలు తుడిచేవాళ్ళు వచ్చారు. బయటివైపు వాళ్ళు తుడిచారు, లోపలివైపు నేను.